టెలివిజను త్యాగము - చందా ధర్మము

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములలోని విద్యావంతుల గృహములందు ఇటీవల నొక మాట గౌరవచిహ్నమువలె వినబడుచున్నది. “మా యింట టెలివిజను లేదు” అని గృహస్థు చెప్పును. మేము కట్నము పుచ్చుకొనలేదని వెనుకటి తరమువారు చెప్పుకొన్న స్వరముతోనే యీ మాటయు చెప్పబడుచున్నది. దాని వెంటనే మఱియొక మాట వచ్చును: “కేబులువానికి నెలనెల డబ్బు కట్టుట దండుగ.” మొదటిది నీతివాక్యము, రెండవది లెక్కల వాక్యము. ఈ రెంటిని ముడివైచి ఒక్క సంస్కారముగా చెలామణి చేయుట యుక్తమా యని విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము. చూచుట మానుట యొక కార్యము. చెల్లించుట మానుట వేఱొక కార్యము. ఒకటి మంచిదైనంత మాత్రమున రెండవదియు మంచిది కానేరదు. రెంటిని విడదీసి తూచినగాని నిజము తేలదు.

టెలివిజనుపై విద్యావంతులు చేయు నారోపణము నిరాధారమైనది కాదు. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరులో ప్రారంభమైనది. అది మొదలు సుమారు పదునెనిమిదేండ్లు తెలుగువారికి దాదాపు అదియొక్కటే తెర. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చినవి. పిమ్మట వరుసగా మఱికొన్ని వచ్చినవి. ఈ విస్తరణమువలన తెలుగువారికి లాభమే కలుగలేదనుట అన్యాయము. “అన్నదాత” కార్యక్రమము సేద్యపు సంగతులను రైతునకు రైతుమాటలలోనే చెప్పినది. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారి నిర్వహణమున మొదలైన “పాడుతా తీయగా” చిన్న యూళ్ల పిల్లలను వేదికనెక్కించి, ఉచ్చారణదోషమును పదిమందిలో దిద్దియు పిల్లవాని మనసు నొప్పింపకుండుట యెట్లో ఇంటింట చూపినది. దూరదర్శన్‌లో “ఋతురాగాలు” వచ్చు వేళకు పనులు ముగించుకొని కూర్చున్న గృహిణులు నేటికిని ఆ పాత్రలను పేరు పెట్టి తలచుకొందురు. ఇవి యన్నియు తెర యిచ్చిన వరములే.

కాని వరములతోపాటు వచ్చిన వ్యాధియు గలదు. స్టార్ మా చానలున 2017 మొదలు 2023 జనవరి వఱకు నడచిన “కార్తీక దీపం” ధారావాహికను చూడుడు. మలయాళ ధారావాహికకు తెలుగురూపమైన యీ కథ మొదట నెన్నుకొన్న విషయము సంస్కారప్రియులు మెచ్చదగినదే. మేనిచాయ నల్లనైన స్త్రీని లోకము ఏ చూపు చూచుచున్నది? ఇల్లు ఎట్లు చూచుచున్నది? కథానాయిక దీప భర్త యనుమానమునకు గుఱియై, యిల్లు విడిచి, నలుగురికి వంట చేసి బిడ్డను పెంచుకొనును. తెలుగిండ్లలో ఆమెను “వంటలక్క” యని చుట్టరికము కలిపి పిలుచుకొనిరి. ఇంతవఱకు కథకు బలమున్నది, పాత్రకు ప్రాణమున్నది. అయితే ఆ యనుమానము ఒక్క వైద్యపరీక్షతో, ఒక్క నిజపుమాటతో తీరదగినది. తీరినచో కథ ముగియును. కథ ముగిసినచో దాని నడుమ అమ్ముడుపోవు ప్రకటనలకాలమును ముగియును. కావున నిజము చెప్పబోవువారికి ప్రతిసారియు ఏదో యొక యడ్డు వచ్చును. ఇట్లు పదిహేనువందలకు పైబడిన భాగములు సాగినవి. భార్యశీలముపై భర్త యనుమానము అన్యాయమని చాటుటకు పూనుకొన్న కథ, ఆ యనుమానమును ఏండ్లతరబడి వడ్డించి, దానినే సాయంకాలపు టలవాటుగా మార్చినది. ఖండింపబోయిన దురాచారమే కాలక్షేపమైనది. నాటకమునకును నవలకును ముగింపు ధర్మము. ముగింపు లేని కథలో తప్పు చేసినవాడు తప్పునకు ఫలమనుభవింపడు. ఓర్చుకొన్నవారి యోర్పునకు అర్థము దొరకదు. మా దృష్టిలో ధారావాహికల ప్రధానదోషము కన్నీరు కాదు, నగలు కాదు, అత్తాకోడండ్ర పోరు కాదు, ముగింపు లేకుండుటయే.

వార్తాచానళ్ల స్థితియు నిట్టిదే. అక్కడ ముగియనిది కథ కాదు, కలహము. నలుగురిని నాలుగు గడులలో కూర్చుండబెట్టి, ఒకరి మాట ఒకరు వినకుండునట్లు మాటలాడించి, దానికి చర్చ యని పేరు పెట్టుచున్నారు. చర్చ యనగా రెండవవాని మాటవలన మొదటివాని మాట కొంతయైన మాఱుట. ఈ చర్చలలో నెవరి యభిప్రాయమును వెండ్రుకవాసియైన కదలినట్లు మేము చూడలేదు.

ఇట్లెందుకు జరుగుచున్నదని యడిగినచో, “జనము కోరునది అదే” యని నిర్మాతలు చెప్పుదురు. జనము కోర్కెను వారెట్లు తెలిసికొనుచున్నారు? 2015 నుండి బార్క్ అను సంస్థ దేశమంతటికి వారము వారము రేటింగులు లెక్కించుచున్నది. దేశమందలి కోట్లకొలది ఇండ్లలో ఏబదివేలకు పైచిలుకు ఇండ్లలో మాత్రమే కొలిచెడు యంత్రములు పెట్టి, ఆ లెక్కనుబట్టి తక్కినవారి చూపును ఊహించును. ఈ లెక్కలలో మోసము జరిగినదని ముంబయిలో పోలీసు కేసు రాగా, 2020 అక్టోబరు నుండి 2022 మార్చి వఱకు వార్తాచానళ్ల రేటింగులను నిలిపివేసిరి. మోసము మాట యట్లుండనిండు. లెక్క సరియైనదే యైనను అది తెలుపునది ఒక్కటే: ఆ వేళకు ఆ యింట ఏ చానలు వెలుగుచుండెనో. చూచినవారు మెచ్చిరా, విసిగిరా, వంటపనిలో నుండి చెవి మాత్రమే యొగ్గిరా యనునది యంత్రమెఱుగదు. మనలను కొలుచుచున్నారే గాని యడుగుట లేదు.

అడుగకుండుటకు కారణమున్నది. డబ్బిచ్చువాడు అడుగబడును, ఇయ్యనివాడు కొలువబడును. ప్రకటనలమీద బ్రదుకు చానలునకు కొనుగోలుదారు సబ్బుల వర్తకుడు, బంగారపు టంగడివాడు, ఇండ్లస్థలముల వ్యాపారి. వారికి చానలు అమ్ము సరకు మన చూపు. గంటకు పండ్రెండు నిమిషములకు మించి ప్రకటనలుండరాదని కేబులు నిబంధనలలో నున్నను, ఆ హద్దుపై న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచినవి. అది వింతయా? వర్తకుడు తన తూనికరాయిని తానే తగ్గించుకొనునా? కావున టెలివిజను చెడుటకు మూలము తెరలో లేదు. దాని వెనుక డబ్బు చెల్లించుచున్నవాని చేతిలో నున్నది. ఈ సంగతి గ్రహించిన పిమ్మటనే, చెల్లించుట దండుగయా కాదా యను ప్రశ్న సరియైన వెలుగున కనబడును.

మనదేశమున వినువారు, చూచువారు స్వయముగా రుసుము చెల్లించిన కాలమొకటి గలదు. ఆ చరిత్ర మాదాపూరు యువకులకు తెలియకపోవచ్చును గాని వారి తాతలకు తెలియును. 1924లో చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, సభ్యుల చందాలతో పాటలు, ప్రసంగములు ప్రసారము చేసెను. మూడేండ్లు నడచి, ధనము చాలక 1927లో మూతపడెను. ఆ యేడాదియే బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీ ప్రారంభమయ్యెను. రేడియో గలవారు ఏటా పది రూపాయల లైసెన్సు పుచ్చుకొనవలెను; అందు హెచ్చుభాగము కంపెనీకి చెందును. ఇంత పెద్ద దేశమున లైసెన్సు పుచ్చుకొన్నవారు ఎనిమిదివేలైనను కాలేదు. లైసెన్సు లేకయే వినుచున్నవారు అనేకులుండిరి. 1930 మార్చికి కంపెనీ దివాలాతీసెను. ఆకాశమునుండి వచ్చు పాటకు వెల యేమిటని రుసుము నెగవేసినవారు, ఆ పాటనే పోగొట్టుకొనిరి. పిమ్మట 1933లో, లైసెన్సు లేక రేడియో యంత్రము దగ్గఱ నుంచుకొనుటయే నేరమగునట్లు శాసనము చేసిరి. స్వేచ్ఛగా చెల్లింపనిదానిని దండభయముతో చెల్లింపవలసివచ్చెను. చెన్నపట్టణమున మాత్రము 1930లో పురపాలక సంఘము ప్రసారభారమును తలకెత్తుకొని, 1938లో ఆకాశవాణి కేంద్రము వచ్చువఱకు నడిపెను.

స్వాతంత్ర్యానంతరము గూడ తపాలా కార్యాలయములలో రేడియో లైసెన్సు పుస్తకమునకు ఏటేట రుసుము చెల్లించుట యుండెను. టెలివిజను వచ్చిన పిమ్మట దానికిని లైసెన్సు ఏర్పడెను. 1976 జనవరి నుండి దూరదర్శన్‌లో వ్యాపారప్రకటనలు వచ్చినవి. ప్రకటనల యాదాయము పెరిగినకొలది, వసూలు శ్రమతో గూడిన లైసెన్సు రుసుము చిన్నదిగా కనబడెను. 1984-85 ప్రాంతమున దానిని రద్దుచేసిరి. ప్రజలు సంతోషించిరి, సంతోషింపరా? ఏటేట కొంత డబ్బు మిగిలెను గదా. కాని ఆ దినముననే ఇంకొకటియు జరిగినది. “నేను రుసుము కట్టితిని, నాకేమి వినిపించెదవు?” అని అడుగుటకు శ్రోతకుండిన చిన్న యధికారపత్రము చినిగిపోయినది. ఆ పత్రమువలన నాడు శ్రోతలమాట సాగినదని మేము చెప్పుట లేదు. హక్కును వాడుకొనకుండుట వేఱు, హక్కే లేకుండుట వేఱు.

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చును. “ప్రభుత్వపు ప్రసారములు ప్రభుత్వపు వాద్యములే గదా, వానికి మేమేల చెల్లింపవలెను?” అని. ఈ యాక్షేపణము బలమైనదే. 1975 మొదలు 1977 వఱకు నడచిన అత్యవసరస్థితిలో ఆకాశవాణి, దూరదర్శన్ పలికిన పలుకులు ఎవరివో అందఱు నెఱుగుదురు. అందుచేతనే 1978లో వర్గీస్ సంఘము స్వతంత్రసంస్థ కావలెనని సూచించినది. 1990లో ప్రసారభారతి శాసనము వచ్చి 1997లో అమలైనది. 1995లో సుప్రీముకోర్టు, ఆకాశతరంగములు ప్రజల సొత్తని, అవి ప్రభుత్వముయొక్క గుత్తసొత్తు కారాదని తీర్పు చెప్పినది. ఇంతయైనను ప్రసారభారతి నేటికిని ముఖ్యముగా ప్రభుత్వము మంజూరు చేయు ధనముపైననే యాధారపడియున్నది. మంజూరు చేయు చేయి, కోసివేయగల చేయి ఒక్కటే యైనప్పుడు పుచ్చుకొనువాని గొంతు నిర్భయముగా నెట్లుండును? కావున ఈ యాక్షేపణము మేము చెప్పినదానిని ఖండింపదు; బలపఱచును. వర్తకుడు చెల్లించినచో వర్తకుని మాట. ప్రభుత్వము చెల్లించినచో ప్రభుత్వపు మాట. ప్రజలు నేరుగా చెల్లించు మార్గము లేనంతకాలము ప్రజలమాట వినబడునని యాశించుట, విత్తు నాటక పంట కోరుటయే.

అయితే పాత లైసెన్సునే మరల తేవలెనా? తేరాదని మా యభిప్రాయము. ఇంగ్లండు దేశమున నీ పద్ధతి నేటికిని నడచుచున్నది. 2025 ఏప్రిలు నుండి ఇంటికి ఏటా 174.50 పౌండ్ల రుసుము విధించిరి. ప్రత్యక్షప్రసారములు చూడనివారు, బీబీసీవారి అంతర్జాల ప్రసారములను వాడనివారు చెల్లింపనక్కఱలేదు. అది శాసనసమ్మతమైన త్యాగము. చూచుచు చెల్లింపనివారికి జరిమానా గలదు. ఆ జరిమానాల లెక్కలో గమనింపదగిన విశేషమొకటి యున్నది: శిక్షింపబడినవారిలో స్త్రీలే హెచ్చు. తనిఖీకి వచ్చిన యుద్యోగి తలుపు తట్టినప్పుడు ఇంటనుండువారు ఎక్కువగా స్త్రీలే యగుట దీనికొక కారణమని చెప్పుదురు. మేడలో నున్నవానికిని, ఒంటిగది యింట నున్న వితంతువునకును ఒక్కటే రుసుము విధించి, తలుపు తెఱచినవారిని దండించు పద్ధతిని స్త్రీజనాభ్యుదయము కోరువారు మెచ్చలేరు. జర్మనీలో 2013 నుండి యంత్రముతో సంబంధము లేకుండ ప్రతి గృహమునకు ప్రసారచందా విధించుచున్నారు. పేదలకు మినహాయింపు గలదు. తనిఖీల బాధ తప్పినది గాని, “చూడనివాడేల చెల్లింపవలెను?” అను ప్రశ్న అక్కడ న్యాయస్థానముల వఱకు పోయినది.

చూడనివాడేల చెల్లింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు విదేశములకు పోనక్కఱలేదు. మన యింటిపన్ను కాగితమునే తీసి చూడుడు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము ప్రకారము ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు గలదు. కొండాపూరు గృహస్థుడు జీవితమున నొక్కసారియైన పౌరగ్రంథాలయపు మెట్లెక్కకపోయినను ఈ సెస్సు భారము నాతడు మోయుచునే యున్నాడు. అది యన్యాయమని యెవరును వీధికెక్కలేదు. ఏలన, పొరుగువాని బిడ్డ చదువుకొనుట తనకును లాభమని లోకమున కెఱుకయే. అంతేగాక యీ సెస్సు ఇంటి విలువను బట్టి పెరుగును. పెద్దయింటివాడు పెద్దమొత్తము, చిన్నయింటివాడు చిన్నమొత్తము చెల్లించును. ప్రజాప్రసారమునకు గూడ నిట్టి ధర్మమైన వాటా యేర్పఱచి, ఆ ధనము మంత్రులచేతికి గాక స్వతంత్రసంఘమునకు చేరునట్లు చేయవచ్చును. పన్ను వసూలగుట వేఱు, అది పుస్తకముగా మాఱుట వేఱు అని గ్రంథాలయముల స్థితి నెఱిగినవారు హెచ్చరింతురు. నిజమే. చందా యిచ్చి లెక్క యడుగనివానికి పుస్తకమును దక్కదు, ప్రసారమును దక్కదు. ఇచ్చుటతో ధర్మము సగమే నెఱవేఱును. అడుగుట తక్కిన సగము.

ఇక హైటెక్ సిటీ గృహముల త్యాగమును పరీక్షింతము. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాటినుండి ఈ ప్రాంతము దేశదేశములకు సాఫ్ట్‌వేరు వ్రాసి పంపుచున్నది. ఇచ్చటి గృహస్థుడు గోడమీది తెరను తీసివేసెను, సంతోషము. కాని యాతని జేబులో నొక తెర, బల్లమీద నొక తెర, బిడ్డచేతిలో నొక తెర యున్నవి. కేబులు నిలిపివేసినవాడే మూడు నాలుగు ఓటీటీ సంస్థలకు నెలకొక చందా కట్టుచున్నాడు. 2019లో ట్రాయ్ నిర్ణయించిన కొత్త పద్ధతిలో కేబులు మూలరుసుము పన్ను గాక 130 రూపాయలు. ఆ గరిష్ఠపరిమితి 2024లో తొలగింపబడినది. ఆ నూటముప్పదిని దండుగ యనినవాడు, అంతకు పెక్కురెట్లు ఈ క్రొత్త చందాలకు, వేగమైన యంతర్జాలమునకు వెచ్చించుట దండుగ యనుట లేదు. కావున నాతడు మానినది తెరను గాదు, ఖర్చును గాదు. ఇంటిల్లిపాది కలిసి చూచు తెరను మాని, ఒక్కొక్కరు వేఱువేఱుగా చూచు తెరలను తెచ్చుకొనెను. పూర్వము రిమోటు కొఱకు తగవులుండెడివి. ఆ తగవులోనైనను ఒకరి యిష్టము ఒకరికి తెలిసెడిది. ఇప్పుడు తగవు లేదు. ఎవరేమి చూచుచున్నారో యెవరికిని తెలియదు. దీనిని శాంతి యనుటకు మాకు నోరాడదు.

ఇంతకంటె గొప్ప వైపరీత్యము, చెల్లింపకయే చూచుట. మిత్రుని రహస్యపదముతో సినిమా చూచుట, విడుదలైన దినముననే దొంగప్రతిని దింపుకొనుట తెలివితేటలుగా చెప్పుకొనబడుచున్నవి. ఐబొమ్మ యను దొంగప్రతుల కేంద్రమునకు సంబంధించి 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసినప్పుడు, మనవారిలో కొందఱు దొంగతనమునకు గురియైనవారి పక్షమున గాక, నిందితుని పక్షమున మాటలాడిరి. టిక్కెట్టు ధరలు సామాన్యునకు అందరానివై యున్నవనుట సత్యము. ఆ ధరలపై పోరాడవచ్చును, చూచుట మానవచ్చును. కాని ధర యెక్కువ యని దొంగిలించుట పేదవాని న్యాయము కాదు; ఎంత వెలయైనను చెల్లింపగలవాడు ఆ మాట చెప్పుట మఱింత సిగ్గుచేటు. తాను వ్రాసిన సాఫ్ట్‌వేరును ఇతరులు వెల యియ్యక వాడుకొన్నచో మండిపడు ఉద్యోగియే, కథ వ్రాసినవాని కూలి నెగగొట్టుట చూచుచున్నాము. శ్రమ కంప్యూటరుపై జరిగినను, కలముతో జరిగినను, శ్రమయే.

త్యాగము విషయమున ఇంకొక ప్రశ్న గలదు: ఎవరి త్యాగము? ఎవరి వస్తువు? కొడుకునకు మాదాపూరున నుద్యోగము వచ్చినందున తెనాలి నుండియో, సిద్ధిపేట నుండియో ఇల్లు తాళము వేసి పదునాలుగవ అంతస్తునకు చేరిన తల్లిదండ్రులున్నారు. ఊరిలో వారికి అరుగున్నది, గుడియున్నది, పలుకరించువారున్నారు. ఇచ్చట కొడుకు కోడలు ఉదయము పోయి రాత్రికి వత్తురు. మనుమనికి సగము తెలుగు రాదు. ఆ పెద్దలకు పగటివేళ తెలుగు వినిపించునది ఆ తెర యొక్కటే. దానిని వారి నడుగక తీసివేసి “మేము సంస్కరించుకొంటిమి” అనుట సంస్కారము కాదు. తాను సాయంకాలము చేతిఫోనులో తన కిష్టమైనది చూచుచు, తల్లి మధ్యాహ్నపు ధారావాహికను నీచమని త్రోసివేయుట, పాతకాలపు గృహయజమాని పెత్తనమే క్రొత్తయంగీ తొడుగుకొని వచ్చుట. ముగింపులేని కథపై మా విమర్శను మేము వెనుకకు తీసికొనుట లేదు. కాని చెడ్డకథను తీసివేయువాడు దాని చోట మంచిమాటను పెట్టవలయును. అది చేయనివాడు చేసినది త్యాగము కాదు, అపహరణము. అమ్మతో అరగంట కూర్చుండి మాటలాడుట వలన ధారావాహికకు పోయిన దెబ్బ వంద వ్యాసముల వలన పోదు.

ఆ భవనముల క్రిందను మనుష్యులున్నారు. కావలివారు, వంటపనివారు, తాపీపనివారు, పాలమూరు నుండియు శ్రీకాకుళము నుండియు వచ్చినవారు. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠములు చెప్పిరి. అపార్టుమెంటు బిడ్డ లాప్‌టాపు ముందు కూర్చుండి తన పంతులుగారిని ప్రశ్నింపగలిగెను. కావలివాని బిడ్డకు బడి యనగా టెలివిజను. ఇంట టెలివిజను లేని బిడ్డకు అదియును లేదు. ఆ పాఠములు ఆదర్శప్రాయములని మేము చెప్పము. ప్రశ్న యడుగ వీలులేని పాఠము సగము పాఠమే. కాని సర్వమును మూతపడిన దినమున ఆ బిడ్డకు అందిన దేదో, అది లాభము కొఱకు నడచు చానలు కాదు. ప్రజల సొమ్ముతో నడచినది. నెలచందా లేకుండ నందు దూరదర్శన్ ఉచిత డిష్షు సేవ 2004 నుండి గలదు. “టెలివిజను చచ్చినది” అని పై యంతస్తున చెప్పుకొనువారు క్రింది యంతస్తున నది యెవరికి బడియో, ఎవరికి వార్తయో తెలిసికొని మాటలాడుట మేలు. చదువుకొన్నవారందఱు విడిచిపోయిన యాసుపత్రి యెట్లు చెడునో, చదువుకొన్నవారందఱు విడిచిపోయిన ప్రసారమును అట్లే చెడును. అడుగగలవారు పోయినచోట అడుగలేనివారు మిగులుదురు.

మన హైదరాబాదు చరిత్రలోనే చందా ధర్మమునకు గొప్ప నిదర్శనము గలదు. 1901లో రావిచెట్టు రంగారావు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు మొదలగు పెద్దలు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. ఆనాటి నైజాము రాజ్యమున రాజభాష వేఱు; తెలుగు పుస్తకమునకు సర్కారు ఆదరణ లేదు; వ్యాపారలాభము అసలే లేదు. ఊరివారి విరాళములతో, సభ్యుల చందాలతో అది నిలిచినది. నేటికిని సుల్తాన్‌బజారున నున్నది. అది నిలిచి పదుల సంవత్సరములైన పిమ్మట కూడ, చెన్నపట్టణపు రేడియో క్లబ్బు మూడేండ్లకే యారిపోయిన సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రెంటికిని ఆధారము చందాయే. ఒకచోట నిచ్చువారు నిలిచిరి; వేఱొకచోట చాలినంతమంది నిలువలేదు. భాషానిలయమునకు చందా యిచ్చినవారందఱు దినదినము అక్కడ చదివియుందురా? ఉండరు. తాము చదువని పుస్తకము నింకొకడు చదువునని యిచ్చిరి.

కావున మా నిర్ణయము స్పష్టముగా చెప్పుచున్నాము. టెలివిజను మానదలచినవారు మానుడు. మిమ్ము నిర్బంధించు శాసనము మనదేశమున లేదు. ఎగవేయుటకు లైసెన్సు రుసుమును నేడు లేదు. చెడ్డ చానలునకు చందా నిలుపుట తప్పు కాదు. అది మంచి విమర్శ. కాని మూడు షరతులు. మానునది గోడమీది తెర మాత్రమే గాక చేతిలోని తెరయు కావలయును. లేనిచో దానిని త్యాగమని పిలువకుడు. ఇంటి పెద్దలతోను పిల్లలతోను కూర్చుండి యందఱి యంగీకారముతో మానుడు. వారు పోగొట్టుకొన్న తోడునకు బదులు తోడు చూపుడు. చూచినదానికి వెల చెల్లించుడు, చెల్లింపనిదానిని చూడకుడు.

మిగిలిన చందా సొమ్మును ఏమి చేయవలెనో గూడ చెప్పి ముగింతుము. ఒక్క నెల కేబులు డబ్బును భాషానిలయము వంటి సంస్థకో, మీ వీధిలో లేని గ్రంథాలయమును తెచ్చుటకో యియ్యుడు. యాదగిరి, సప్తగిరి కేంద్రములకు, పిల్లలకు తెలుగు కథ యెప్పుడు వినిపింతురని ఉత్తరము వ్రాయుడు. జవాబు రానిచో మరల వ్రాయుడు. మీ శాసనసభ్యుడు ఓట్లకు వచ్చినప్పుడు మెట్రో యెంతదూరము వచ్చునని మాత్రమే గాక, గ్రంథాలయపు సెస్సు ఎక్కడికి పోయినదనియు నడుగుడు. తెర కట్టివేయుట కొక్క నిమిషము చాలును. తెరపై మంచిమాట వచ్చునట్లు చేయుటకు ఏండ్లు పట్టును. సంస్కర్త లెక్క పెట్టవలసినది ఆ యేండ్లనే.